మిథేన్ కంపనం – నికెల్ తలం

కువైట్ ముడిచమురులో గంధకం పాలు ఎక్కువ. దానిని తొలగించడానికి మీనా అల్ అహ్మదీ, మీనా అబ్దుల్లా చమురుశుద్ధి కర్మాగారాలకు హైడ్రోజన్ విస్తారంగా కావాలి. సాధారణంగా మిథేన్‌ను నీటి ఆవిరితో కలిపి, 800 డిగ్రీల సెంటీగ్రేడ్ ప్రాంతపు వేడిలో నికెల్ ఉత్ప్రేరకం మీదుగా పంపి ఈ వాయువును తయారుచేస్తారు. ఇందులో కష్టమైన మెట్టు మిథేన్ అణువులోని తొలి కార్బన్–హైడ్రోజన్ బంధం తెగడమే.

వేడి అణువు వేగాన్ని పెంచుతుంది. బంధాలను వీణతీగల వలె కంపింపజేస్తుంది కూడా. శక్తి మొత్తమే ముఖ్యం, అది అణువులో ఎక్కడున్నా ఒకటేనన్న భావనపై ఎన్నో లెక్కలు సాగాయి. 2003లో స్విట్జర్లాండులోని లోజాన్‌లో రైనర్ బెక్ బృందం దీనిని పరీక్షించింది. రెండు హైడ్రోజన్, రెండు డ్యుటీరియం పరమాణువులు గల మిథేన్‌ను లేజర్ కాంతితో ఉత్తేజపరచి నికెల్ తలంపైకి పంపారు. రెండు క్వాంటాల శక్తి ఒకే బంధంలో ఉన్నప్పుడు, రెండు బంధాలలో చెరొకటిగా ఉన్నప్పటికంటే చర్య సంభావ్యత ఐదు రెట్ల వరకు పెరిగింది. మొత్తం శక్తి మాత్రం దాదాపు సమానమే! తెగబోయే బంధం ముందుగా బాగా సాగాలి. ఒకేచోట చేరిన కంపనం ఆ పని సులువు చేస్తుంది.

2008లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఒకే హైడ్రోజన్, మూడు డ్యుటీరియంలు గల మిథేన్‌లో ఆ ఒక్క హైడ్రోజన్ బంధాన్నే కంపింపజేశారు. తెగినది ప్రధానంగా అదే. అయితే కర్మాగారపు కొలిమిలో లేజర్‌కు చోటు లేదు. అక్కడ అణువులు అన్ని రీతులా కంపిస్తూ తలాన్ని తాకుతాయి. ఏ కంపనం ఎంత ఫలమిస్తుందో విడివిడిగా కొలిస్తేనే ఆ చర్యావేగాన్ని గణించడం సాధ్యం.