పాత కార్డు బాకీ ఇంటి లోన్‌కు అడ్డుపడుతోంది

ప్రశ్న: ఆరేళ్ల కిందట క్రెడిట్ కార్డు బాకీ 18 వేలు కట్టలేకపోయాను. ఇప్పుడు ఇంటి లోన్ రాలేదు. సిబిల్ రిపోర్టులో ‘రిటన్ ఆఫ్’ అని ఉందట. సగం కడితే సెటిల్ చేస్తామని రికవరీ ఏజెంటు ఫోన్ చేస్తున్నాడు. కట్టేయమంటారా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: తొందరపడకండి. ‘రిటన్ ఆఫ్’ అంటే మాఫీ కాదు. వసూలు కాదని బ్యాంకు తన లెక్కల్లోంచి తీసేసింది, అంతే. బాకీ మీ పేరు మీదే ఉంది.

ముందు సిబిల్ వెబ్‌సైట్‌లో మీ రిపోర్టు తీసుకోండి. ఏడాదికోసారి ఉచితం. అందులో బాకీ ఏ సంస్థకు, ఎంత ఉందో చూడండి. బ్యాంకు దాన్ని వేరే సంస్థకు అమ్మేసి ఉంటే, అమ్మినట్టు చూపే కాగితం అడగండి. ఏజెంటు పంపిన క్యూఆర్ కోడ్‌కు రూపాయి కూడా వేయొద్దు.

సగం కడితే రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది. ఇంటి లోన్ ఇచ్చేవాళ్లకు అదీ మచ్చే. 18 వేలే కాబట్టి నన్నడిగితే, వడ్డీ తగ్గించమని బేరమాడి అసలు మొత్తం కట్టేయండి. ‘క్లోజ్డ్’ అని నమోదు చేస్తామని ముందే రాయించుకోండి. కట్టాక నో డ్యూస్ పత్రం తప్పనిసరి.

వివరాలు తప్పైతే సిబిల్‌లోనే డిస్ప్యూట్ పెట్టండి. 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి. అప్పటికీ తేలకపోయినా, ఏజెంటు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేసినా ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో స్పందన లేకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. సలహాకు 14448 నంబరుకు ఫోన్ చేయండి. కోర్టు నోటీసు వస్తే మాత్రం ఆ కాగితంతో వెంటనే లాయరును కలవండి.