టేకు ఫ్రేములకు చాక్ పెయింట్

ప్రశ్న: తాతగారి నాటి టేకు ఫోటో ఫ్రేములకు తెల్ల చాక్ పెయింట్ వేసి మైనం పూయాలనుకుంటున్నాం. పాత పాలిష్ గీకేయాలా?

జవాబు: అక్కర్లేదండి. 1990లో బ్రిటన్‌కు చెందిన అనీ స్లోన్ ఈ రంగు తయారుచేసిందే ఆ శ్రమ తప్పించడానికి. ఫోటో, అద్దం తీసి, సబ్బునీళ్లతో జిడ్డు తుడిచి ఆరనివ్వండి. చిక్కంతా టేకుతోనే. తెలుపు కిందనుంచి పసుపు మరకలు పైకి ఊరతాయి. ఎన్ని పూతలేసినా ఆగవు. అందుకే ముందు స్పిరిట్‌లో కరిగించిన లక్క ఒక పూత వేయండి. తర్వాత రంగు రెండు పూతలు. బాగా ఆరాక మైనం నూలుగుడ్డతో పలచగా రుద్ది, మిగిలింది తుడిచేయండి. మందంగా పూస్తే జిగటపడి దుమ్ము పడుతుంది. మైనం గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అందాకా తడి తగలనివ్వకండి. చక్కని చెక్కడపు పని ఉన్న ఫ్రేములకు మాత్రం దయచేసి రంగు వేయకండి.