పూజ మరకలు, బోరునీటి మచ్చలు

ప్రశ్న: కాణిపాకంలో కొత్త తెల్లకారుకు పూజ చేయించాం. బానెట్‌పై పసుపు మరక మిగిలింది. బోరునీళ్లతో కడిగితే తెల్లమచ్చలు పడ్డాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: పొడిగుడ్డతో మాత్రం రుద్దకండి. పసుపు కుంకాల్లో కలిసిన దుమ్ము, రంగుపైనుండే క్లియర్‌కోట్‌ను గీస్తుంది. దాని మందం సుమారు 50 మైక్రాన్లే. ముందు ధారగా నీళ్లు పోసి, తర్వాత కార్ షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డతో కడగండి. మిగిలిన పసుపు ఛాయ ఎండకు మెల్లగా వెలిసిపోతుంది, కంగారొద్దు.

తెల్లమచ్చలు బోరునీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలవి. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, నీడలో, చల్లబడిన బానెట్‌పై ఒక నిమిషం ఉంచి కడిగేయండి. ఇకపై కడిగిన వెంటనే, నీళ్లు ఆరకముందే తుడవండి. మన ఎండల్లో అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదే. ఆపైన రెండు మూడు నెలలకోసారి వ్యాక్స్ పూయించండి.