నానో: సూది చెప్పేది, పొలం చెప్పేది

నానో అంటే మనకి ముందు గుర్తొచ్చేది టాటా వాళ్ళ కారు. కానీ అసలు అదొక కొలత. మీటరుని వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఒక నానోమీటర్. మన వెంట్రుక మందమే దాదాపు 80,000 నానోమీటర్లు ఉంటుంది. మరి ఇంత చిన్నవాటిని ఎలా చూస్తారు? చూశాక వాటిని నమ్మి పొలంలో చల్లొచ్చా? ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని నేను అనుకుంటున్నాను.

చూడటమా, తడమటమా?

కంటికి కనిపించే కాంతి తరంగం పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. పరమాణువు సైజు ఒక నానోమీటర్ కూడా ఉండదు. అందుకే మామూలు మైక్రోస్కోప్ ఇక్కడ పనికిరాదు. 1981లో జ్యూరిక్ దగ్గర ఐబీఎం ల్యాబ్‌లో గెర్డ్ బిన్నిగ్, హైన్‌రిష్ రోరర్ వేరే దారి పట్టారు. చాలా సన్నటి లోహపు సూదిని ఉపరితలానికి దాదాపు ఒక నానోమీటర్ దూరం దాకా తెచ్చారు. తగలకపోయినా ఎలక్ట్రాన్లు ఆ ఖాళీని దాటేస్తాయి. దీన్నే టన్నెలింగ్ అంటారు. దూరం 0.1 నానోమీటర్ పెరిగితే చాలు, కరెంటు దాదాపు పదో వంతుకి పడిపోతుంది. కరెంటు మారకుండా సూదిని పైకీ కిందకీ జరుపుతూ ఆ ఎత్తులన్నీ రికార్డు చేస్తారు. అంటే మన భాషలో ఆ బొమ్మ ఎత్తులు నింపిన ఒక 2డి ఎర్రే!

ఈ స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్‌కి 1986లో నోబెల్ వచ్చింది. కరెంటు ప్రవహించని వస్తువులనీ తడిమి చూసే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ వచ్చిందీ ఆ ఏడాదే. 1989లో డాన్ ఐగ్లర్ ఇలాంటి సూదితోనే 35 జెనాన్ పరమాణువులని ఒక్కొక్కటే జరిపి ఐబీఎం అని రాశాడు.

బస్తా లెక్క

ఇప్పుడు మన ఊళ్ళోకి వద్దాం. 2021లో ఇఫ్కో నానో యూరియా సీసాలు తెచ్చింది. రేణువు సైజు 20 నుంచి 50 నానోమీటర్లనీ, 500 మి.లీ. సీసా ఒక 45 కిలోల బస్తాకి సమానమనీ చెప్పింది. సైజు నిజమో కాదో మైక్రోస్కోపులు తేల్చగలవు. రెండో మాటకి మాత్రం లెక్క వెయ్యాలి.

మొదట వచ్చిన సీసాలో నత్రజని 4 శాతం, అంటే సుమారు 20 గ్రాములు. బస్తాలో 46 శాతం, అంటే సుమారు 20 కిలోలు. తేడా వెయ్యి రెట్లు! ఆకుల మీద చల్లితే వృథా తక్కువని ఇఫ్కో వాదన. సరే, కానీ బస్తాలో సగం పైగా వృథా అయినా మిగిలేది కిలోల్లోనే కదా? పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వరి, గోధుమ మీద రెండేళ్ళు ప్రయోగాలు చేసి, యూరియా తగ్గించి ఇది చల్లితే దిగుబడి తగ్గిందని రాశారు. తమ ప్రయోగాల్లో లాభమే కనిపించిందని ఇఫ్కో అంటోంది.

ఈ తగువు మైక్రోస్కోప్ తీర్చలేదు. దానికి పొలం కావాలి, కొన్ని పంటకాలాలు కావాలి, అమ్మేవాళ్ళు కాకుండా బయటివాళ్ళు చేసిన పరీక్ష కావాలి. ల్యాబ్‌లో ప్రయోగం ఫెయిలైతే ఒక పేపర్ ఆగుతుంది. పొలంలో ఫెయిలైతే ఒక కౌలు రైతు ఏడాది పోతుంది.

సూదిని కనిపెట్టినవాళ్ళంటే నాకు చాలా గౌరవం. అందుకే నానో అనే లేబుల్ కనిపిస్తే సైజు ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. మోతాదు ఎంత, పరీక్షించింది ఎవరు, నష్టం వస్తే భరించేది ఎవరు అని కూడా అడుగుదాం. రేపు ఇలాంటివి తయారుచేసేది మనమే కదా!