ఛార్జింగ్ గంటన్నరకే అయిపోతోంది!

ప్రశ్న: నా పాత ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్ ఉంది. తేలికైన లినక్స్ వేస్తే ఛార్జింగ్ ఎక్కువసేపు నిలుస్తుందా?
– డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: కొంత నిలవొచ్చు. కానీ ముందు బ్యాటరీ సంగతి తేల్చుకోండి. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే కొత్తలో ఎంత పట్టేదో, ఇప్పుడెంత పడుతోందో కనిపిస్తుంది. 42,000 మిల్లీవాట్ అవర్లు పట్టాల్సింది 18,000కి పడిపోయి ఉంటే ఏ సిస్టమ్ వేసినా లాభం లేదు, బ్యాటరీ మార్చాల్సిందే.

అది బాగానే ఉంటే లుబుంటు అనే తేలికైన లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి. వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో తెలిసిపోతుంది. నచ్చితే ఫైళ్లన్నీ వేరేచోట దాచుకున్నాకే ఇన్‌స్టాల్ చేయండి. కరెంటు వాడకాన్ని అదుపులో ఉంచే టీఎల్‌పీ కూడా వేసుకోండి. తెర వెలుతురు, తెరిచి వదిలేసిన బ్రౌజర్ ట్యాబ్‌లు మాత్రం మీరే తగ్గించుకోవాలి; అసలు ఖర్చు ఎక్కువగా అక్కడే.

బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపిస్తే ఛార్జింగ్ పెట్టకుండా వెంటనే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.