చక్రములపై ఇల్లు: పాత క్యాంపర్ వ్యాను మరమ్మతు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని తెలుగు సామెత. ఇంటిని భుజాన వేసుకొని తిరుగువానిని ఉర్దూలో ఖానాబదోష్ అందురు. ఖానా అనగా ఇల్లు, దోష్ అనగా భుజము. ఇంటిని చక్రములపై పెట్టుకొని తిరుగువానికి తగిన మాట మాత్రము మాకు ఈ రెండు భాషలలోను తోచలేదు. ఐరోపా, అమెరికా ఖండములలో అట్టి వాహనమును క్యాంపర్ వ్యాను అందురు. లోపల పడక, పొయ్యి, చిన్న అలమర, నీటి తొట్టి ఉండును; కొన్నింటికి కప్పు పైకి లేచును. కొన్నది పాతదైనచో దానిని బాగుచేసుకొను పని చాలవరకు యజమానిదే. ఆ పనిలో మన విజ్ఞాన శాస్త్ర విద్యార్థులకు పనికివచ్చు పాఠములు ఎన్నో ఉన్నవి గనుక ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మేము ఉదాహరణగా తీసుకొన్నది జర్మనీ దేశపు ఫోక్స్‌వాగన్ వ్యాను. 1947లో బెన్ పాన్ అను డచ్చి వ్యాపారి తన నోటు పుస్తకములో దీని తొలి రూపమును గీసెను. 1950 మార్చి 8న వోల్ఫ్స్‌బర్గులో ఉత్పత్తి ఆరంభమయ్యెను. మరుసటి సంవత్సరము నుండి వెస్ట్‌ఫాలియా సంస్థ దీనిలో పడక, బల్ల అమర్చసాగెను. 1967లో వచ్చిన రెండవ తరము వ్యాను జర్మనీలో 1979 వరకు, బ్రెజిలులో దాని వారసురాలు 2013 వరకు తయారైనవి. ఇస్తాంబుల్, టెహరాన్, కాబుల్, లాహోర్ల మీదుగా పాశ్చాత్య యువకులు భారతదేశమునకు ఇట్టి వ్యానులలో వచ్చెడివారు. 1979లో ఇరాను విప్లవము, అఫ్ఘానిస్తానములో సోవియట్ సేనల ప్రవేశము ఆ దారిని మూసివేసినవి.

యజమాని స్వయముగా రెంచి పట్టుట ఈ బండికి పాత సంప్రదాయమే. 1969లో అమెరికాలో జాన్ మ్యూర్ అను ఇంజనీరు ఫోక్స్‌వాగన్ బండ్ల మరమ్మతుపై ఒక పుస్తకము వెలువరించెను. ఏమియు తెలియని పరమ మూఢుని కొరకని శీర్షికలోనే చెప్పుకొన్న గ్రంథమది! పీటర్ అష్వాండెన్ వేసిన బొమ్మలు చూచి ఎందరో తొలిసారిగా ఇంజను విప్పిరి.

అయితే కొత్తగా కొన్నవారు ముందు తెరలు కుట్టింతురు, పరుపుల గుడ్డ మార్తురు, రంగు వేయింతురు. ఇది తలక్రిందులైన పద్ధతియని మా అభిప్రాయము. లోపల నిద్రించువారి ప్రాణములకు సంబంధించిన పని మొదట జరుగవలెను.

అందులోను మొట్టమొదటిది పెట్రోలు గొట్టము. ఈ వ్యానులో ఇంజను వెనుక ఉండును. పెట్రోలు తొట్టి దానికి ఆనుకొని, కొంచెము ఎత్తున ఉండును. రబ్బరు గొట్టము వయసు మీరి పగిలినచో పెట్రోలు వేడి ఇంజనుపైననే కారును. నేడు ఐరోపాలోను మన దేశములోను పెట్రోలులో ఇథనాల్ కలుపుచున్నారు; పాత రబ్బరును అది మరింత త్వరగా చెరచును. గొట్టమును వంచి చూచినప్పుడు సన్నని బీటలు కనబడినచో మరి ఆలోచింపరాదు. ఒక్క ముక్క గాక అన్నింటిని మార్చవలెను. ఎస్.ఏ.ఇ. జె30 ఆర్9 అని ముద్ర ఉన్న గొట్టములు ఇథనాలును తట్టుకొనును. ఖర్చు స్వల్పము, పని ఒక పూట.

ఇక్కడ రసాయన శాస్త్ర విద్యార్థులు గమనింపవలసినది ఒకటి ఉన్నది. ఈ వ్యానులలో ఎక్కువగా కనబడు 1600 సీసీ గాలి చల్లదనపు ఇంజను పెట్టె మెగ్నీషియము మిశ్రలోహము. అది అంటుకొన్నచో నీరు చల్లరాదు. మండుచున్న మెగ్నీషియము నీటిలోని ఆక్సిజనును లాగుకొని హైడ్రోజనును విడుదల చేయును; మంట ఆరుటకు మారు పెరుగును. బొగ్గుపులుసు వాయువులో సైతము అది మండగలదు. కావున పెట్రోలు మాత్రమే మండుచున్న మొదటి నిమిషములోనే, పొడి చల్లు అగ్నిమాపకముతో ఆర్పవలెను. ఆ పరికరమును వెనుక ఇంజను దగ్గర కాక ముందు తలుపు వద్ద ఉంచుట మేలు.

ఈ ఇంజనుకు నీటి రేడియేటరు లేదు. ఒక పంఖా గాలిని తోసి దానిని చల్లార్చును. చుట్టును ఉన్న రేకులు, రబ్బరు అంచు అలంకారములని తలచి కొందరు ఊడబెరికి పారవేయుదురు. ఇది పెద్ద పొరపాటు. ఆ అంచు లేనిచో క్రింది వేడి గాలియే మరల పైకి చేరి పంఖాలో పడును. తలుపులు మూసిన వంటింటిలో పొయ్యి ప్రక్క కూర్చుండి విసనకఱ్ఱ ఊపుకొన్నట్లుండును. పాత నమూనాలలో నూనె చల్లార్చు పరికరము మూడవ సిలిండరుకు పోవు గాలికి అడ్డముగా ఉన్నందున ఆ సిలిండరు వాల్వు ముందుగా కాలిపోవుట కద్దు. రాత్రంతయు చల్లారిన ఇంజనుపై 0.15 మిల్లీమీటర్ల వాల్వు సందు సరిచూచుట, 5,000 కిలోమీటర్లకు ఒకసారి రెండున్నర లీటర్ల నూనె మార్చుట ఎవరైనను నేర్వదగిన పనులు.

బ్రేకుల సంగతి వేరు. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చును గనుక రెండేండ్లకొకసారి మార్చవలెను. తొలిసారి మాత్రము అనుభవముగల మిస్త్రీని ప్రక్కన నిలుపుకొనక చేయరాదు. ఇందు మొగమాటము కూడదు.

తుప్పు విషయమున కన్ను మోసపోవును. ఈ వ్యానుకు శరీరమే అస్థిపంజరము. క్రింది అంచులు, జాకీ పెట్టు చోట్లు పుచ్చిపోయినచో బండియే బలహీనమగును. పూతమట్టితో పూడ్చి రంగు వేసి అమ్మువారు ఎల్ల దేశములలోను కలరు. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతమును రేకు వెంబడి జరిపినచో అది పట్టని చోట ఇనుము లేదని తెలియును. అక్కడ కొత్త రేకు అతుకవలసినదే.

ఇక విద్యుత్తు. దీపములకు, ఫ్రిజ్‌కు రెండవ బ్యాటరీ అమర్చుట అందరును కోరు మెరుగు. ఇంజను తిరుగునప్పుడు మాత్రమే రెండింటిని కలుపు రిలే ఉన్నచో ఉదయము బండి కదలకపోవు దుస్థితి తప్పును. కాని లెక్క ముందు వేయవలెను. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1,200 వాట్-గంటలు ఉండును. సీసపు బ్యాటరీనుండి సగమునకు మించి వాడరాదు, మిగిలినది 600. సగటున 25 వాట్లు తీసికొను చిన్న ఫ్రిజ్ ఆ 600ను ఒక్క రోజులో తినివేయును. దీపమునకేమి మిగిలినది?

తీగ విషయమున ఇంటి అనుభవము మనలను దారి తప్పించును. 60 వాట్ల పరికరము 240 వోల్టులపై పావు ఆంపియరు తీసికొనును. 12 వోల్టులపై 5 ఆంపియర్లు. ప్రవాహము ఇరువది రెట్లు. తీగలో పుట్టు వేడి ప్రవాహపు వర్గమును బట్టి ఉండును గనుక అదే తీగలో వేడి 400 రెట్లు. కావున మందమైన తీగ వాడవలెను; ఫ్యూజును బ్యాటరీకి అతి సమీపమున పెట్టవలెను. దూరమున పెట్టినచో నడుమనున్న తీగకు రక్షణ ఉండదు.

వంట గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలపై నిలుచును. అందుకే వ్యాను నేలలో రంధ్రము విడుతురు. చలిగాలి వచ్చుచున్నదని దానిని గుడ్డతో మూయుట ఆత్మహత్యాసదృశము. గ్యాసు గొట్టముల పని అర్హతగల వానికే ఒప్పగింపవలెను. ఇంతకన్న మాయావి కార్బన్ మోనాక్సైడు. ఈ వ్యాను లోపలికి వచ్చు వెచ్చని గాలి, పొగగొట్టమును చుట్టిన పెట్టెగుండ వచ్చును. ఆ గొట్టము తుప్పుతో చిల్లుపడినచో పొగయే లోపలికి వచ్చును. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబినును అది ఆక్సిజనుకంటె రెండువందల రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. నిద్రించువాడు మేలుకొనడు. పడక దగ్గర హెచ్చరిక గంట పెట్టనిదే పరుపు పరువరాదని మా నిశ్చితాభిప్రాయము.

ఇవి తీరిన పిదప తెరలు, పరుపులు, రంగు ఎవరి ఇష్టము వారిది. మొదటి రాత్రి మాత్రము దూర ప్రయాణమున గాక ఇంటి ముంగిటనే వ్యానులో పండుకొని చూడవలెను. కప్పు గుడ్డ కురియునదీ లేనిదీ, దీపము తెల్లవారువరకు నిలుచునదీ లేనిదీ అప్పుడు తెలియును. తొలి 500 కిలోమీటర్లు తిరిగి వచ్చిన తరువాత ఇంజను తలుపు తెరచి, కొత్త పెట్రోలు గొట్టముల బిగింపులను మరల ఒకసారి చేతితో తడిమి చూడవలెను.