దినచర్యయు మనశ్శాంతియు



పైరునకు పురుగు పట్టినచో మనము త్వరలోనే కనిపెట్టుదుము. ఆకు ముడుచుకొనుట, పూత రాలుట కంటికి కనబడును. మనస్సునకు పట్టిన దిగులు అట్లు కనబడదు. నిద్ర పట్టకుండుట, అన్నము సహింపకుండుట, చిన్న మాటకే కోపము వచ్చుట, నలుగురిలోనికి పోవుటకు మనసొప్పకుండుట దాని గుర్తులు. ఈ నెల పాఠమున ఆ దిగులును తగ్గించి సంతోషమును పెంచు దినచర్యను గూర్చి వ్రాయుచున్నాము.

దిగులు ఎక్కడ పుట్టుచున్నది?

ముండ్లమూరు, దర్శి, పొదిలి మొదలుకొని మార్కాపురము, గిద్దలూరు వఱకు మన సేద్యము చాలవఱకు వానమీద ఆధారపడినది. కంది, సజ్జ వేసిన రైతు ఆకాశము వంక చూచుచుండును. పొగాకు, మిరప వేసిన రైతు వానతోపాటు ధర కొఱకును ఎదురుచూడవలెను. బోరు వేసినచో నీరు పడుట సందేహము, అప్పు మాత్రము నిశ్చయము. 2015లో పొగాకు ధర పడిపోయినప్పుడు ప్రకాశము జిల్లాలో కొందఱు రైతులు అప్పుల బాధచే ప్రాణములు తీసికొనిరి. 2025లో నల్ల బర్లీ పొగాకు కొనువారు లేక నిలిచిపోగా, ప్రభుత్వము మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసి వచ్చెను.

కాబట్టి రైతు దిగులు వట్టి ఊహ కాదు. వాన, ధర, వడ్డీ అను మూడును మన అలవాట్లచే మారునవి కావు. ధరను, వడ్డీని చక్కజేయుటకు సంఘమును ప్రభుత్వమును పాటుపడవలెను. అయితే అవి చక్కబడులోగా రైతు నిలువవలెను గదా! అట్లు నిలుచుటకే ఈ పాఠము.

చింత బుద్ధిని ఎట్లు తినును?

తమిళనాడునందలి 54 గ్రామములలో 464 మంది చెఱకు రైతులను కొందఱు పరిశోధకులు పరీక్షించి, ఆ ఫలితములను 2013లో సైన్స్ అను పత్రికలో ప్రకటించిరి. కోతకు ముందు చేతిలో డబ్బు లేనప్పుడు ఒకసారి, కోత యైన పిమ్మట డబ్బు చేతికి వచ్చినప్పుడు ఒకసారి అవే విధమైన బుద్ధిపరీక్షలను అదే రైతులకు పెట్టిరి. కోతకు ముందు వారు తక్కువగా నెగ్గిరి. మనుష్యుడు మాఱలేదు, వాని తెలివియు ఎక్కడికిని పోలేదు. డబ్బు చింత మనస్సులో చోటంతయు ఆక్రమించుటచే తక్కిన ఆలోచనకు తావు చాలలేదు.

దీనినుండి మనము గ్రహింపవలసినది రెండు విషయములు. ఇక్కట్టులో నున్న రైతును తెలివితక్కువవాడని నిందింపరాదు. మఱియు, చింత ముదిరియున్న వేళ పెద్ద అప్పు, భూమి అమ్మకము వంటి నిర్ణయములు ఒంటరిగా చేయరాదు.

అయిదు అలవాట్లు

1. లెక్కకు ఒక వేళ. సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట పావుగంటసేపు పద్దు పుస్తకము తెఱవుడు. ఎవరికి ఎంత ఇయ్యవలెను, వడ్డీ యెంత, గడువు ఎప్పుడు అనునవి వ్రాయుడు. పిమ్మట పుస్తకము మూసి, మఱునాటి సాయంకాలము వఱకు ఆ చింతకు సెలవిండు. వ్రాయని అప్పు రాత్రియెల్ల తలలో తిరుగును, వ్రాసిన అప్పు పుస్తకములో నుండును. వ్రాయుటవలన దారియు కనబడవచ్చును. 50,000 రూపాయలకు నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ యనగా ఏడాదికి 12,000 రూపాయలు. కేంద్ర ప్రభుత్వపు వడ్డీ రాయితీ గల పంట ఋణమును గడువులోగా తీర్చినవారికి, 3 లక్షల వఱకు, నూటికి ఏడాదికి 4 రూపాయలే పడును. అదే 50,000కు 2,000 రూపాయలు మాత్రమే. గడువు తేదిని మఱచుట ఎంత నష్టమో దీనివలన తెలియును.

2. ప్రతిదినము ఇష్టమైన చిన్న పని యొకటి. దిగులు పడినవాడు, మనసు బాగుపడినపుడు పనికి లేచెదనని కూర్చుండును. నిజమునకు పనికి లేచిన పిమ్మటనే మనసు బాగుపడుట ఎక్కువ. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఈ సూత్రము మీదనే ఒక చికిత్స జరిపిరి. వైద్యులు కాని సామాన్యులే శిక్షణ పొంది, తీవ్రమైన దిగులు గలవారిచేత వారికి విలువైన పనులను కొద్దికొద్దిగా మరల చేయించిరి. 2017లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన లెక్కలనుబట్టి, 3 నెలలకు ఇట్టివారిలో నూటికి 64 మంది, మామూలు వైద్యము మాత్రము పొందినవారిలో నూటికి 39 మంది కోలుకొనిరి. పశువును కడుగుట, పెరటిలో ఆకుకూర విత్తుట, బిడ్డచేత ఎక్కములు చెప్పించుట, ఉదయమున చేనిగట్టు చుట్టివచ్చుట, వీనిలో ఏదైనను సరియే.

3. ఒకరితో మనసు విప్పి మాటలాడుట. అప్పు సంగతి ఇంటి ఇల్లాలికి దాచు రైతులు పెక్కుండ్రు. ఆమెకు దిగులు కలుగునని దాచుదురు. కాని ఆమె అంతకుముందే గ్రహించి, తానును లోలోపల కుములుచుండును. భారమును ఇద్దఱు మోసిన తేలికయగును. ఇల్లాలి పనిలో నీళ్లు తెచ్చుటయో, పాలు పిదుకుటయో పురుషుడు పంచుకొన్నచో ఆమెకును తెఱపి దొరకును. ఈ పాఠము ఆమెకును వర్తించును.

4. నిద్రను కాపాడుకొనుట. ఒకే వేళకు పడుకొని ఒకే వేళకు లేవవలెను. ప్రొద్దుగ్రుంకిన తరువాత టీ మానుట మంచిది. సెల్‌ఫోనును మంచమునకు దూరముగా పెట్టుడు. సారాయి నిద్ర పట్టించునని కొందఱందురు. పట్టించిన నిద్రను అదియే నడిరేయి చెఱచును, మఱునాడు దిగులును హెచ్చించును.

5. మేలును లెక్కించుట. నష్టమును మనస్సు తనంతట తానే లెక్కించును, మేలును మనము లెక్కింపజేయవలెను. పండుకొనుటకు ముందు ఆనాడు జరిగిన మంచి సంగతులు మూడు తలచుకొనుడు. ఆవు ఈనుట, పొరుగువాడు గొఱ్ఱు ఎరువిచ్చుట, చల్లనిగాలి వీచుట, ఇవియు లెక్కలోనివే.

అలవాటు నిలుపుకొను విధము

వాన వెలిసి పదును ఆరగానే గుంటక తోలినచో పైమన్ను గుల్లయై అడుగు తేమ నిలుచును. అది చిన్న పని, కాని వేళకు చేయవలెను. దినచర్యయు అట్టిదే. అయిదింటిని ఒక్కసారి పట్టుకొనరాదు. ఒకదానిని ఏర్పఱచుకొని, రోజూ తప్పక చేయు పనికి ముడివేయుడు. పాలు పిదికిన వెంటనే నడక, దీపము పెట్టిన వెంటనే పద్దు. ఒకనాడు తప్పినచో మఱునాడు మొదలుపెట్టుడు. ఒక్క సాలు వంకర పోయినదని చేను విడుచువాడు లేడు గదా!

అలవాట్లు చాలని వేళ

రెండు వారములు దాటియు దిగులు తగ్గనిచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. ఇది జ్వరమువలె వ్యాధియే, సిగ్గుపడ నక్కఱలేదు. చావవలెనని ఎవరైన పలికినచో వట్టి మాటయని త్రోసివేయక, వానిని ఒంటరిగా విడువకుడు. పురుగుమందులను ఇంటినుండి తీసివేయుడు. ఎప్పుడును కావలసినంత మందే కొని, మిగుల్చుకొనకుండుట అందఱకు మేలు. 14416 అను టెలీ మానస్ నంబరునకు రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ప్రాణము తీసికొనబోయినవానిని తీవ్రవేదనలో నున్నవానిగా నెంచి శిక్షింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. కావున కేసునకు వెఱచి ఆసుపత్రికి చేర్చుట ఆలస్యము చేయరాదు.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన సభ్యులలో ఎందఱు తమ అప్పుల పద్దును వ్రాసియుంచుచున్నారు? చదువురానివారికి ఎవరు వ్రాసిపెట్టుదురు?

2. పంట ఋణపు గడువును ఒక నెల ముందుగా ప్రతి సభ్యునకు తెలియజేయుటకు ఏ యేర్పాటు చేయుదము?

3. ఈ నెల సమావేశమునకు రాని సభ్యు లెవరు? వారి యింటికి ఎవరు పోయి పలుకరించెదరు?

మూడవ ప్రశ్నకు ఉత్తరము సమావేశములోనే పేర్లతో నిర్ణయించి, అదే వారమున పోయిరండు.